పేరుల పట్టిక, దానిని కాపాడినవారు

గ్రామములో ఏ చేను ఎవరిదో తెలుపు లెక్క ఎవరి చేతిలో నుండునో, వారి మాటకు గ్రామమంతయు లోబడి యుండుట మన గోదావరి మండలములలో పెద్దలెరిగిన సంగతియే. అడంగలులో ఒక్క గీత మారినచో ఒక కుటుంబము గతియే మారెడిది. ఆ లెక్కను వంశపారంపర్యముగా చేతబట్టిన కరణముల పదవిని 1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రద్దు చేసెను. లెక్క మాత్రము పోలేదు, చేతులు మారినది. మేమిచట చెప్పబూనినది మరియొక లెక్కను గూర్చి. కంప్యూటర్లను తంతులచే నొకదానితో నొకటి కలిపిన తొలి దినములలో ఏ యంత్రము పేరేమి, దాని సంఖ్య యేమి, తెలియనివారు ఎవరినడుగవలెను అను ప్రశ్నలు పుట్టినవి. వానికి లోకము చెప్పుకొన్న సమాధానముల చరిత్ర యిది. యంత్రములను నిర్మించినవారిని గూర్చి వ్రాయువారు పెక్కుండ్రు. పట్టిక వ్రాసినవారిని, అడిగినవారికి విసుగులేక జవాబు చెప్పినవారిని తలచువారు అరుదు.

1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలో లాస్ ఏంజెలిసు నగరపు విశ్వవిద్యాలయము నుండి స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థకు తొలి సందేశము పోయెను. పంపదలచిన మాటలో రెండక్షరములు చేరగానే యంత్రము నిలిచిపోయెనట! ఆ యేటి చివరకు నాలుగు స్థలములు కలిసినవి. ఆర్పానెట్టు అని దీనికి పేరు. నాలుగిండ్ల వీధిలో చిరునామాలతో పనియేమి? కాని స్థలములు పెరిగినకొలది ప్రతి చోటివారును తమకు తోచినట్లు ఒక పట్టిక వ్రాసికొనిరి. ఒకరి పట్టికలో నొక పేరు, మరియొకరి దానిలో వేరొక పేరు. ఈ గందరగోళము తగదనియు, పట్టిక యొక్కటియే యుండవలెననియు 1973 చివరలో ఒక విన్నపము బయలుదేరెను. 1974 ఆరంభమున స్టాన్‌ఫర్డు సంస్థలోని సమాచార కేంద్రము ఆ భారము వహించుటకు ఒప్పుకొనెను.

ఆ కేంద్రమును నడపినది ఒక స్త్రీ. ఎలిజబెత్ ఫైన్లర్ అను నామె; స్నేహితులు జేక్ అని పిలిచెడివారు. చదివినది రసాయనశాస్త్రము. డగ్లస్ ఎంగెల్‌బార్టు అను శాస్త్రజ్ఞుడు 1972లో ఆమెను పిలిచి, ఆ యేడు అక్టోబరులో వాషింగ్టనులో జరుగనున్న ప్రదర్శనమునకై ఒక పుస్తకము సిద్ధము చేయుమని కోరెను. ఏ స్థలమున ఏ యంత్రమున్నది, దానిచే నేమి పని సాగును, అచట సంగతులు తెలిసిన మనుష్యుడెవరు అని తెలుపు పుస్తకమది. ఈ కడపటి మాటయందే కిటుకున్నది. యంత్రము పేరు వ్రాసి యూరకొనక, దాని ప్రక్కన ఒక మనిషి పేరును వ్రాసిరి. ప్రతి స్థలమునకును ఒక మధ్యవర్తి నియమింపబడెను. చిక్కు వచ్చినచో అతనికి ఫోను చేయవలెను. అతనికిని తెలియనిచో స్టాన్‌ఫర్డుకు ఫోను చేయవలెను. కొత్తగా నొక యంత్రమును కలుపదలచినవారును పనివేళలలో ఆ కార్యాలయమునకే ఫోను చేసి పేరు నమోదు చేయించుకొనెడివారు. 1989 వరకు ఫైన్లర్ ఆ పనిలో నుండెను. ఇది గుమాస్తా పని యని కొందరనవచ్చును. మేమట్లు తలపము. ఆ కాలమున ఆ సంస్థలలోని యంత్రశాలలు దాదాపు పురుషుల రాజ్యములు. అందరును చూచి వ్రాసికొను మూలప్రతి మాత్రము ఒక స్త్రీ యాజమాన్యమున నుండెను. చదువుకొన్న ఆడపిల్లకు లెక్కలు వ్రాయు నుద్యోగము తగదని వాదించిన యిండ్లను మేమెరుగుదుము గనుక ఈ సంగతిని కొంచెము నిలిచి చెప్పుచున్నాము.

మూలప్రతి యొక సాధారణ దస్త్రము. అన్ని స్థలములవారును దానిని తమ యంత్రములోనికి నకలు తీసికొనెడివారు. 1984లో యంత్రములు వేయి దాటినవి, 1987లో పదివేలు, 1989లో లక్ష. ప్రతి మార్పునకును అందరును మరల నకలు తీయవలెనన్నచో ఎంత శ్రమ! ఒకరు తీసిన నకలు నిన్నటిది, మరియొకరిది పోయిన నెలది. పైగా ఒకే పేరు నిద్దరు కోరినచో పేచీ తప్పదు. ఈ చిక్కు తీర్చుటకు జాన్ పోస్టెల్ అను పెద్ద ప్రేరణచే పాల్ మొకపెట్రిస్ 1983లో ఒక కొత్త యేర్పాటును రచించెను.

దానిని వివరించుటకు మన డెల్టావాసులకు దూరపు ఉపమానము లక్కరలేదు. ఆర్థర్ కాటను 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తి చేసెను గదా. ఆనకట్ట వద్ద తలుపు లెత్తు లస్కరుకు పాలకొల్లు ప్రక్కనున్న ఫలానా రైతు చేను తెలియునా? తెలియదు, తెలియనక్కరయును లేదు. అతనికి ప్రధాన కాలువ తెలియును. అచటివానికి పిల్లకాలువ తెలియును. ఆ పిల్లకాలువ వానికి బోదె తెలియును. ఎవని మేర వానిది, ఎవని బాధ్యత వానిది. మొకపెట్రిస్ చేసినదియు నిదియే. మూలపట్టికలో లోకమందలి పేరులన్నియు ఉండవు. 'ఈ శాఖ సంగతి వారి నడుగుడు' అను గుర్తు మాత్రముండును. వారు తమ క్రింది శాఖను చూపుదురు. వర్తకులకు, విద్యాలయములకు, ప్రభుత్వమునకు, సైన్యమునకు, ఇతర సంఘములకు వేర్వేరు శాఖలును, దేశమునకొక రెండక్షరముల శాఖయు 1984లో నిర్ణయింపబడెను. 1985 మార్చి 15న వర్తకశాఖలో తొలి పేరు నమోదయ్యెను.

పేరునకును సంఖ్యకును గల భేదమిచట తెలిసికొనదగినది. మన తపాలా పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చెను. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వెలంకర్ తపాలా శాఖాధికారియే కాక సంస్కృత కవి కూడను. సంస్కృతము చదివినవారికి లోకవ్యవహారము పట్టదనువారికి ఈ యొక్క యుదాహరణము చాలును. ఒకే పేరుగల ఊళ్లు పెక్కు, ఒకే ఊరిని పలుభాషలలో పలువిధముల వ్రాయుట మరియొక తొందర. అందుచే ఆరంకెల గుర్తు. రాజమహేంద్రవరమునకు 533101, అమలాపురమునకు 533201, భీమవరమునకు 534201. మొదటి అంకె మండలమును, తరువాతివి క్రమముగా చిన్న భాగములను తెలుపును; ఇదియు కాలువ వంటిదే. 2022లో మన జిల్లాల నూడదీసి కూర్చిరి. అమలాపురము తూర్పుగోదావరి నుండి విడివడి కోనసీమ జిల్లాకు ముఖ్యపట్టణమైనది. సంఖ్య మాత్రము కదలలేదు. తపాలాలో పేరు మారును, సంఖ్య నిలుచును. కంప్యూటర్ల జాలములో నిది తలక్రిందులు. యంత్రము మారిన సంఖ్య మారును, పేరు నిలుచును. కనుకనే అచట పేరు ధనమైనది.

ధనమైనచో దానికి కాపలాదారెవరు? సంఖ్యల లెక్కను మొదట చిరకాలము పోస్టెల్ ఒక్కడే వ్రాసికొనెడివాడు. ఒక్క మనిషి పుస్తకముపై అంత భారము! ఆయన 1994లో ప్రకటించిన ఒక పత్రమున, దేశపు శాఖను చూచువారు దానికి ధర్మకర్తలే గాని యజమానులు కారనియు, హక్కులను గూర్చి గాక సేవను గూర్చి తలపవలెననియు భావము. దేవాలయ ధర్మకర్తల సంగతి కొంత చూచిన మాకు, ఆ మాట వ్రాయుట సులభమనియు నిలుపుట కష్టమనియు తోచినది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1995లో, అంతవరకు వెలలేని పేరులకు అమెరికాలో రెండేండ్లకు నూరు డాలర్ల చొప్పున వెల నిర్ణయించిరి.

మన దేశపు కథ 1986లో మొదలగును. ఐక్యరాజ్యసమితి ధనసహాయముతో కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 'ఎర్నెట్' అను విద్యాజాలమును స్థాపించెను. ఐదు ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞానమందిరము, బొంబాయిలోని జాతీయ సాఫ్టువేరు సాంకేతిక కేంద్రము అందు చేరినవి. ఈ కడపటి సంస్థకు పెద్ద శ్రీనివాసన్ రమణిగారు. 1989 మే 8న మన దేశమునకు 'ఇన్' అను రెండక్షరముల శాఖ లభింపగా, దాని పట్టిక ఆ బొంబాయి కేంద్రమునకు వచ్చెను. అచటి నియమములు గట్టివి. అడిగినవాడు నిజముగా ఆ సంస్థకు చెందినవాడా యని విచారించియే పేరిచ్చెడివారు. మోసము లేదు, నిజమే. కాని 2004 వరకు ఇచ్చిన పేరులు సుమారు ఏడువేలు మాత్రమే. నూరుకోట్ల జనమున్న దేశమునకు ఏడువేలు! తలుపునకు తాళము వేసి యింట దొంగతనము జరుగలేదని సంతోషించినట్లు కాలేదా యని మా సందేహము. 2005లో పట్టిక మరియొక సంస్థకు మారి, తలుపు తెరువబడెను.

ప్రజలకు సాయపడు విషయమున మాత్రము అంత జాగ్రత్త లేదు. విదేశ్ సంచార్ నిగం 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు తెరచినప్పుడు ఎదురైన చిక్కులకు దాని యధ్యక్షుడు బహిరంగముగా క్షమాపణ చెప్పవలసివచ్చెను. ప్రభుత్వపు నిక్‌నెట్ ఉపగ్రహము ద్వారా జిల్లా కలెక్టరు కచ్చేరీల వరకు వచ్చినది. కచ్చేరీ గడప దాటి రైతు ముంగిటికి రాలేదు. ఆ గడప దాటించు ప్రయత్నము 2002 ప్రాంతమున పశ్చిమగోదావరి జిల్లాలో జరిగెను. మండలములలో గ్రామీణ ఈ-సేవ కేంద్రములు పెట్టి, వానిలో కొన్నిటిని డ్వాక్రా మహిళల చేతికిచ్చిరి. అర్జీ వ్రాయలేని వానికి అర్జీ పంపుట, బిల్లు కట్టుట, ధృవపత్రమునకు దరఖాస్తు చేయుట వారి పని. స్టాన్‌ఫర్డులో ఫోను నెత్తి జవాబు చెప్పినవారును, మండలపు కేంద్రములో బల్ల ముందు కూర్చున్న ఈ సోదరీమణులును చేసినది ఒకే పని యని మా యభిప్రాయము.

ఇక మన భాష సంగతి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని తెలుగువారు రోమను అక్షరములతో కొట్టిన తెలుగును తెలుగు లిపిగా మార్చు 'రిట్' అను సాధనమును రైస్ విశ్వవిద్యాలయమున కల్పించిరి. చిరునామాలు మాత్రము ఆంగ్లలిపిలోనే యుండెను. 2011లో తెలుగు లిపిలో 'భారత్' అను శాఖ మూలపట్టిక కెక్కెను. నేడు తెలుగున పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఐనను చేయించుకొనువారు కొలదిమంది. తెరపై తెలుగు కనబడినను లోపలి పట్టికలో అది రోమను అక్షరముల గుర్తుగా మారియే యుండును. బడి రిజిస్టరులో మన యింటిపేరు ఒక ఆంగ్లాక్షరమై పోయినట్లన్నమాట.

తెలుగు పేరులకు వేరొక చిక్కు గలదు. మన లిపియు కన్నడ లిపియు అక్కచెల్లెండ్రు. ర, ల, న మొదలగు అక్షరములు రెంటను దాదాపు నొక్కటే. కంటికి భేదము తోచదు, యంత్రమునకు మాత్రము వేర్వేరు సంఖ్యలు. ఒక బ్యాంకు పేరును తెలుగున నమోదు చేయగా, ఆ యాకారమునే కన్నడాక్షరములతో మరియొకడు సంపాదించినచో సామాన్యుడెట్లు గుర్తింపగలడు? అందుచే మూలపట్టికకై 2019లో ప్రకటింపబడిన నియమములలో అట్టి అక్షరములను కవలలుగా లెక్కించిరి. రెండు లిపులలో ఒక్క తీరున కనబడు పేరులలో ఒకటి ఒకరికి దక్కినచో, రెండవది వేరెవరికిని ఈయరు.