గాలి సోకని అతుకు

మా నాయిన కొలిమి ముందు కూచుంటే కుడిచేతి పక్కన సత్తుగిన్నె ఒకటి ఉండేది. అందులో సన్న ఇసుక. వాగు నుంచి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, జల్లెడ పట్టింది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలంటే ముందు ఆ పట్టా రెండు కొసలూ కలవాలి. కొసల్ని కొట్టి పలచన చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తెల్లగా కాగేదాకా నిప్పుల్లో ఉంచేవాడు. రవ్వలు లేవబోతున్నాయనగా ఇంత ఇసుక చల్లేవాడు. ఆ తర్వాతే సమ్మెట.

"ఇసుకెందుకు నాయినా?" అంటే, "ఇనుముకు గాలి సోకొద్దురా, సోకితే అంటదు" అనేవాడు. ఆక్సిజన్ అనే మాట ఆయన ఎరగడు. కానీ జరిగేది అదే. ఇసుక కరిగి, కాలిన ఇనుప పెచ్చుతో కలిసి గాజులా పారుతుంది. దెబ్బ పడగానే బయటికి చిమ్ముతుంది. కింద శుభ్రమైన ఇనుము ఇనుముతో కలుస్తుంది. కంసాలులు ఇదే పనికి వెలిగారం వాడతారు.

మా గద్వాల అనగానే అందరూ చీర సంగతి అడుగుతారు, లేకుంటే సోమనాద్రి కోట సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ ఈ నడిగడ్డలో బండ్లకు పట్టాలు ఎవరు వేశారని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పోనీ.

ట్రాక్టర్లొచ్చి బండ్లు తగ్గాక నేను కొలిమి వదిలి గ్యాస్ వెల్డింగ్ షెడ్డులో చేరాను. అక్కడ కార్బైడు టాంకీ ఉండేది. కార్బైడు గడ్డలకు నీళ్లు తగిలితే అసిటిలిన్ పుడుతుంది, కిలోకు మూడు వందల లీటర్లకు అటూ ఇటూ. గ్యాస్ ఉందా లేదా అని చూడ్డానికి మాకు మీటరు అక్కర్లేదు. వెల్లుల్లి లాంటి కంపు, నీళ్లలో బుడగల చప్పుడు, మంట పొడుగు, ఈ మూడూ చెప్పేవి. సాయంత్రం టాంకీ కడిగితే తెల్లటి బురద వచ్చేది. అది సున్నమే, వాడకట్టు వాళ్లు గోడలకు పూసుకోవడానికి బకెట్లతో పట్టుకుపోయేవారు. మరి ఇసుక ఏదీ అని మొదటి రోజే వెతికాను. మంటే ఆ పని చేస్తుందని తర్వాత అర్థమైంది. లోపలి నీలి మొన దగ్గర సగం కాలిన గ్యాసు బయటికొచ్చి, చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్ను తానే తినేస్తుంది. కరిగిన ఇనుము దాకా రానివ్వదు.

తర్వాత కరెంటు వెల్డింగ్ రాడ్ల కాలం. స్వీడన్‌లో 1904లో ఇసాబ్ కంపెనీ పెట్టిన ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల బాయిలర్లు బాగుచేస్తూ కడ్డీకి పూత పెట్టాలని కనిపెట్టాడు. మనకు 1951లో మొదలైన అద్వానీ ఓర్లికాన్ పేరున్న డబ్బాలు వచ్చేవి. పూత కాలి పొగవుతుంది, కరిగి చిట్టెమవుతుంది. రెండూ కలిసి అతుకును కప్పుతాయి. చల్లారాక సుత్తితో చిట్టెం రాలగొడుతుంటే నాకు నాయిన ఇసుకే గుర్తొచ్చేది. కొన్ని రాడ్ల పూతలో సున్నపురాయి పొడి ఉంటుంది. అది కాలితే వచ్చేది కార్బన్ డయాక్సైడే. అంటే ఇవాళ మా అబ్బాయి సిలిండర్లో కొనే గ్యాసును నేను రాడ్డుతో పాటే కొన్నాను! వానాకాలం రాడ్లు చెమ్మగిలితే అతుకులో పొక్కులొచ్చేవి. ఎండలో పరిచేవాళ్లం. తనిఖీ అంటే అంతే.

సిలిండర్ గ్యాసు కథ అమెరికాలో విమానాల పనితో 1940లలో మొదలైంది. తీగ దానంతటదే నడిచే మిషన్ 1948లో బాటెల్ సంస్థలో వచ్చింది. కానీ ఆర్గాన్ ఖరీదు. 1953లో సోవియట్ వాళ్లు చవకైన కార్బన్ డయాక్సైడు పెట్టి చూశారు, మామూలు ఇనుముకు సరిపోయింది. అందుకే మాలాంటివాళ్ల పెరట్లోకి అది రాగలిగింది. మా వాడు ఇంటి వెనక రేకుల షెడ్డులో సీఓటూ మిషన్ పెట్టాడు. చిట్టెం లేదు, పొగ తక్కువ. కప్పేది మాత్రం కంటికి కనిపించదు. నాకు నచ్చనిది అదొక్కటే.

ఆషాఢం గాలికి వాడు అతికిన మొదటి గేటు మొత్తం సూదిరంధ్రాలే. ఫ్యాన్ కట్టేసి పరదా కట్టాం. అలాగని తలుపులన్నీ మూయనివ్వను. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేలనంటి ఉండిపోతుంది, మనిషికి ఊపిరాడదు. పైపు నట్ల మీద సబ్బునురగ పూస్తాను. ఫ్లో మీటర్లో గుండు 12 లీటర్ల దగ్గర తేలుతున్నా నమ్మను. తీగ రోలరు ఎత్తి, ట్రిగ్గర్ నొక్కి, నాజిల్ ముందు కాగితం ముక్క పడతాను. కదలాలి. చాలాసార్లు రవ్వలు పేరుకుని నాజిలే పూడిపోయి ఉంటుంది.

సిలిండర్ ఒత్తిడి చూపే పెద్ద మీటరు ముల్లు ఇంకా మోసగత్తె. ఆర్గాన్ అయితే గ్యాసు తరిగేకొద్దీ ముల్లు దిగుతుంది. కార్బన్ డయాక్సైడు లోపల ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం చివరి చుక్క దాకా ముల్లు ఒకేచోట నిలబడుతుంది. మే నెలలో 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమనేదే ఉండదు, ముల్లు ఎండతో పాటు ఎక్కుతుంది.

మొన్న డిసెంబర్‌లో సంక్రాంతిలోగా రెండు ట్రాలీలు ఒప్పుకున్నాడు. పొద్దున్నే చలిలో చూస్తే ముల్లు అరవైకి కాస్త కింద. "నిండుగుంది నాయినా" అన్నాడు. పక్కింటి పత్తి కాటా తెప్పించి సిలిండర్ ఎక్కించాను. భుజం మీద కొట్టి ఉన్న ఖాళీ బరువు తీసేస్తే, ముప్పై కిలోలు ఉండాల్సినచోట పదే మిగిలింది. గ్యాసు కోసం కర్నూలుకు ఫోన్ చెయ్యమన్నాను.