పత్తి బేళ్ల బాటలో పందెపు ఇంజన్

మన దేశంలో కారు పందేల మాట వస్తే పెద్దవాళ్లు షోలవరం పేరు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగడానికి వేసిన ఆ బాట మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి పందేలు నడిపింది. పరుగు అక్కడే, నిజమే. ఆ పరుగుకు ఇంజన్లు సిద్ధం చేసిన ఊళ్లలో మాత్రం ముందు చెప్పుకోవాల్సింది కోయంబత్తూరు. నేను గుంటూరులో రీబోరు షాపులో పని నేర్చి, కోయంబత్తూరు చేరి, అక్కడి షెడ్లలోనే తల నెరిసినవాణ్ణి. ఈ చరిత్రకు ఒక కొస మన నల్లరేగడిలో ఉందని నా గట్టి నమ్మకం.

చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు చేలల్లో తీసిన పత్తి, జిన్నింగు మిల్లుల్లో గింజ వదిలించుకుని, బేళ్లుగా బిగిసి, లారీలెక్కి కోయంబత్తూరు వెళ్లేది. అసలు ఆ పత్తికి వంగడం కూడా అక్కడిదే. 1968లో వచ్చిన ఎంసీయూ-5 కోయంబత్తూరులో పుట్టింది. పొడుగు పింజ, సన్న నూలు వడికే మిల్లులకు సరిగ్గా కావలసిన సరుకు. తిరుగు లోడులో మోటార్లు, పంపుసెట్లు వచ్చేవి. మిరప తోటలకు నీళ్లు తోడింది ఆ పంపులే. నెల్లూరు దాటి మద్రాసు వైపు వెళ్లే లారీ రెడ్‌హిల్స్ కంటే ముందు షోలవరం మీదుగానే పోవాలి. నాకు పందెపు కారు గురించి మొదట చెప్పింది పత్తి లారీ డ్రైవర్లే.

కోయంబత్తూరులో దిగినవాడికి భాష బెంగ లేదు. విజయనగర కాలంలో మనవైపు నుంచి దక్షిణానికి వెళ్లి స్థిరపడ్డ నాయుళ్ల ఇళ్లలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు, రాసేది తమిళం. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడు వాళ్లలోవాడే. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారుచేసిన జి.డి. నాయుడూ అంతే. నన్ను పనిలో పెట్టుకున్న మేస్త్రీ తొలిరోజే అన్న మాట: "ఇది లారీ కాదప్పా గుంటూరు తమ్ముడూ. లాగడం కాదు, తిరగడం దీని పని."

ఆ మాట అర్థం కావడానికి ఫియట్ 1100 ఇంజన్ చూస్తే చాలు. నాలుగు సిలిండర్లు, 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1,089 సీసీ. తర్వాత ప్రీమియర్ పద్మినిలో ఉన్నదీ అదే. దాన్ని పందేనికి దింపడం సాహసం. క్రాంకును మోసేవి మూడే మెయిన్ బేరింగులు. కింద ఉన్న క్యామ్ పొడవాటి పుష్‌రాడ్లతో వాల్వులను ఎత్తాలి. చుట్లు పెరిగేకొద్దీ క్రాంకు బేరింగుల మధ్య వంగుతుంది, వాల్వులు క్యామ్ వెనక పడతాయి. ఫియట్లు పందేలాడే ఆ రోజుల్లోనే బెంగళూరు సిపాని వాళ్ల డాల్ఫిన్ కారు వచ్చింది. ఇంగ్లండు రిలయంట్ వాళ్ల 848 సీసీ అల్యూమినియం ఇంజన్, తేలికైన ఒళ్లు. చిన్న బండి పెద్ద బండ్ల వెంటపడుతుంటే చూసేవాళ్లకు పండగే.

ఈ చరిత్రలో అందరికంటే ముందు తలుచుకోవాల్సిన మనిషి ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం బిడ్డ. స్వయంగా పందేలు నడిపారు, కార్లు గీసి కట్టారు. 1988లో మారుతి 800 ఇంజన్‌తో ఆయన తయారుచేసిన ఒంటి సీటు కారును ఫార్ములా మారుతి అన్నారు. ఇంజన్ మూడు సిలిండర్లదే, కానీ విదేశీ కారు కొనలేని కుర్రాళ్లకు పందెపు కారు అందింది దానివల్లే. 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌కు చేరిన నరైన్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరువాడే, తొలి పాఠాలు ఆ ఫార్ములా మారుతిలో నేర్చినవాడే. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి చనిపోయారు. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఈ దేశపు ఇంజన్ల కథ వేరుగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మిల్లుల ఊళ్లోనే ఈ పని ఎందుకు పండింది? డబ్బున్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి అనేస్తారు. అది సగం జవాబు. నూలు వడికే రింగ్ ఫ్రేములో కదురు నిమిషానికి పదిహేను వేల చుట్లకు పైనే తిరగగలదు. బరువు వెంట్రుకవాసి పక్కకు జరిగినా అదురుతుంది, దారం తెగుతుంది, బేరింగు పోతుంది. 1962లో స్విట్జర్లాండు రీటర్ కంపెనీ సాయంతో లక్ష్మీ మెషీన్ వర్క్స్ మొదలయ్యాక ఆ కొలతల క్రమశిక్షణ ఊరి చిన్న లేతు షెడ్ల దాకా పాకింది. తిరిగే వస్తువును అదరకుండా తిప్పడం ఆ ఊరికి బతుకుతెరువు. పందెపు ఇంజన్‌లో కావలసింది కూడా సరిగ్గా అదే.

నా చేతుల మీదుగా ఎక్కువ వెళ్లింది సుజుకి 1,298 సీసీ ఇంజన్. ఎస్టీమ్‌లో, జిప్సీలో, తర్వాత మొదటి స్విఫ్ట్‌లో వచ్చింది. బోరు 74, స్ట్రోకు 75.5, అయిదు మెయిన్ బేరింగులు, క్యామ్ హెడ్డు మీదే. ఫియట్ మీద చెయ్యి తిరిగినవాడికి ఇది వరం. నిమిషానికి చుట్లను 6,000 నుంచి 8,000కు తీసుకెళితే పెరిగింది మూడో వంతే. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కన్‌రాడ్ మీద పడే లాగుడు మాత్రం చుట్ల వర్గంతో పెరిగి ఒకటీ ముప్పావు రెట్లకు పైనే అవుతుంది. 8,000 చుట్ల దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు 266 సార్లు ఆగి వెనక్కి తిరగాలి.

అందుకే మొదటి పని కన్‌రాడ్లది. నాలుగూ బల్ల మీద పరిచి, ఒక్కోదాని పెద్ద చివర, చిన్న చివర విడివిడిగా తూచేవాళ్లం. అన్నిటికంటే తేలికైనదాన్ని పక్కన పెట్టి, మిగిలిన మూడింటినీ అరగదీసి దాని బరువుకు తెచ్చేవాళ్లం. తేడా అర గ్రాము దాటకూడదు. తర్వాత రాడ్డు పక్కలకు పాలిష్, ఎప్పుడూ నిలువుగానే. అడ్డంగా గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత హెడ్డు. గాజు పలక మూసి, బ్యూరెట్టుతో కిరసనాయిలు చుక్కలుగా వదిలి నాలుగు దహన గదులూ కొలవాలి. కంపెనీ ఇచ్చే కంప్రెషన్ నిష్పత్తి పదికి లోపే. పదకొండు కావాలంటే పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు మిగిలే జాగా, గాస్కెట్ మందంతో కలిపి, 32 సీసీ చిల్లరకు రావాలి. దాన్ని బట్టే హెడ్డు ఫేసింగు. వాల్వు స్ప్రింగులు గట్టివి వేయకపోతే వాల్వు సీటు మీద కూర్చోకముందే క్యామ్ మళ్లీ ఎత్తేస్తుంది. ఒక్కోసారి పిస్టన్ వచ్చి గుద్దుతుంది.

గుంటూరులో నేర్చిన పని ఇందుకు పనికిరాలేదని కాదు. బోరు కొయ్యడం, చేత్తో తడిమి గీత పట్టడం అక్కడివే. కానీ పత్తి, మిరప మోసే లారీ ఇంజన్ మూడు వేల చుట్లలోపే బతుకుతుంది, దానికి అర గ్రాము లెక్క అవసరం లేదు. మన మైదానం పత్తి పండించింది, గింజ తీసింది, బేలు కట్టి పంపింది. కదురు తిప్పే పని ఎక్కువగా బయటి ఊళ్లకు వదిలేసింది. కదురుతోపాటు వచ్చే విద్య కూడా వాళ్లకే పోయింది. ఈ మాట మా ఊళ్లో చెబితే కొందరికి నొప్పి. నాకూ నొప్పే.

షోలవరం ముగిసి 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చింది. 2003లో కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో కరివర్ధన్ పేరుతో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. ఎల్‌జీబీ ఫార్ములా అనే ఒంటి సీటు పందెపు కార్లలో తిరుగుతున్నది స్విఫ్ట్ 1,300 సీసీ ఇంజనే. పందెం కాగానే నేను ముందు విప్పేది ఇంజన్ కింద ఆయిలు నిలిచే సంపు. మూలల్లో ఆయిలు పక్కకు తోసుకుపోయి పంపు గాలి పీల్చిందా లేదా అనేది బేరింగు షెల్లు చెబుతుంది. బూడిదరంగులో సమంగా అరిగి ఉంటే అవే షెల్లులతో మళ్లీ బిగిస్తాను. రాగి రంగు తొంగిచూస్తే కొత్తవి వేసి, సంపులో అడ్డుపలకలు మార్చి, క్రాంకును మళ్లీ డయల్ గేజీ కింద పెడతాను.