వెండిరంగు టేపు

ఈ ఎపిసోడ్ రికార్డు చేస్తుంటే నాకు మన నైట్ షిఫ్టులే గుర్తొచ్చాయన్నా.

1996 అక్టోబర్ 2. పెరూ రాజధాని లిమా నుంచి ఏరోపెరూ 603, బోయింగ్ 757, అర్ధరాత్రి దాటాక చిలీకి లేచింది. అంతకుముందే దాన్ని కడిగారు. కడిగేటప్పుడు స్టాటిక్ పోర్టులనే చిన్న రంధ్రాల్లోకి నీళ్లు పోకుండా టేపు వేస్తారు, పనయ్యాక పీకేయాలి. ఆ రోజు పీకలేదు. బయటి గాలి ఒత్తిడి విమానానికి తెలిసేది ఆ రంధ్రాల్లోంచే. ఎత్తు, వేగం లెక్కలన్నీ దానిమీదే.

మెరిసే లోహం మీద వెండిరంగు టేపు. సూపర్‌వైజర్ కంటపడలేదు. చీకట్లో చుట్టూ తిరిగి చూసిన పైలట్‌కీ కనబడలేదు.

గాల్లోకి లేచాక మీటర్లు తలోమాట చెప్పాయి. కింద సముద్రం, చుట్టూ చీకటి. పైలట్లు ఎత్తెంతో కంట్రోల్ వాళ్లనడిగారు. 9,700 అడుగులన్నారు. ఆ అంకె కూడా విమానం పంపిందేనని ఆ కంగారులో ఎవరికి తట్టాలి? కాసేపటికే రెక్క నీళ్లకు తగిలింది. 70 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

టేపు వదిలేసిన కార్మికుడికి కోర్టు శిక్ష వేసింది. తప్పు లేదనను. కానీ ఎర్ర టేపు వేసుంటే గేటు దగ్గర్నుంచే కనబడేది కదా. అతని చేతికి ఆ రంగు టేపు ఇచ్చిందెవరు?