ఉపనిధి: అడిగినప్పటి నుంచి మారే బాధ్యత

మాడుగులపల్లి ఉన్న నల్గొండ జిల్లాలో పానగల్లు కేంద్రంగా పాలించిన కందూరు చోడులు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ చాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలోనే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించాడు. మితాక్షర అనగానే వారసత్వమే చర్చకు వస్తుంది. పరుల వద్ద ఉంచిన సొత్తు గురించిన భాగం మరుగున పడింది.

లోపల ఏముందో చెప్పకుండా పెట్టెలోనో మూటలోనో పెట్టి అప్పగించినది ఉపనిధి. దానిని ఇచ్చినది ఇచ్చినట్లే మరలించాలి. రాజు, దైవం, దొంగల వల్ల పోతే దాచినవాడు చెల్లించనక్కరలేదు. అయితే యజమాని అడిగినా ఇవ్వకపోగా ఆపై అది నష్టమైతే, విలువతోపాటు అంతే దండుగ కట్టాలి. ఇష్టానుసారం వాడుకుంటే శిక్షతోపాటు వృద్ధితో సహా చెల్లింపు. ఎరువు తెచ్చుకున్న వస్తువులకూ ఇదే విధి. అంటే హక్కుకు బలం చేకూర్చేది యజమాని అడగడం. ఊరుకున్నంతకాలం నష్టభయం అతనిది. అడిగినది మొదలు దాచినవానిది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 161వ సెక్షనులోనూ ఇటువంటి మలుపే ఉంది: గడువుకు తిరిగి ఇవ్వకపోతే అప్పటినుంచి నష్టమంతా దాచినవానిదే. ఈ చట్టం హైదరాబాదు రాష్ట్రానికి వర్తించినది 1951లో.

దొంగతనం విషయంలో మాత్రం తేడా కనిపిస్తుంది. 151, 152 సెక్షన్లు సామాన్య వివేకి తన సొత్తుపై చూపేంత జాగ్రత్త చూపాడా అని విచారిస్తాయి. నారదుడు అడిగినది మరింత సూటి ప్రశ్న: దాచినవాని సొంత సొత్తు కూడా దానితో పాటు పోయిందా?