బిట్టర్‌రూట్ లోయలో పిడుదులు ఏరినవారు

అమెరికాలో, మొంటానా రాష్ట్రపు బిట్టర్‌రూట్ లోయను వణికించిన మచ్చల జ్వరం పిడుదు కాటు వల్ల సోకగలదని 1906లో హోవర్డ్ రికెట్స్ గినీపందులపై ప్రయోగాలతో నిరూపించాడు. వైద్య చరిత్రలు సాధారణంగా ఇక్కడినుండి ఒక్క గంతులో టీకా దగ్గరకు చేరుకుంటాయి. నడుమ జరిగిన చాకిరీ ఎవరిది?

తెల్లటి ఫ్లానెల్ గుడ్డను పొదల మీదుగా ఈడ్చుకుంటూ పోతే, ఏ జంతువో వచ్చినట్లుగా పిడుదులు దాన్ని కరచుకుంటాయి. (పశువులున్న ఇంట పెరిగినవారికి ఈ పట్టు తెలిసిందే.) వాటిని ఏరి, హామిల్టన్ పట్టణం దగ్గర పాడుబడ్డ బడిలో నెలకొల్పిన ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ జంతువుల నెత్తురు పట్టించి పెంచాలి. నెత్తురు తాగిన పిడుదులోనే రోగకారకం విజృంభిస్తుంది. టీకాకు కావలసింది అదే, పెంచేవారికి ప్రాణాంతకమూ అదే. 1922లో ప్రయోగశాల సహాయకుడు విలియం గెట్టింగర్, 1924లో జార్జి కొవన్ ఆ జ్వరంతోనే మరణించారు.

1924లోనే రాస్కో స్పెన్సర్, నూరిన పిడుదులలో ఫీనాల్ కలిపి తయారుచేసిన టీకాను మొదట తన చేతికే ఎక్కించుకున్నాడు. దానికి స్పెన్సర్, పార్కర్‌ల పేర్లు స్థిరపడ్డాయి. అందులో అన్యాయమేమీ లేదు గాని, పిడుదులను పెంచి, నూరినవారి పేర్లు మాత్రం సీసాల మీదికి ఎక్కలేదు.

1928లో కట్టిన కొత్త ప్రయోగశాల చుట్టూ, పిడుదులు ఊరిమీద పడతాయన్న పట్టణవాసుల భయం తీర్చడానికి, చిన్న నీటి కందకం తవ్వారు. లోపల పెంపకం, నూరడం యథాప్రకారం సాగాయి. 1938లో హెరాల్డ్ కాక్స్ కోడిగుడ్డు సొనసంచిలో ఆ సూక్ష్మజీవిని పెంచే పద్ధతి ప్రకటించిన తరువాతనే పిడుదుల టీకా వెనకబడింది.