పాదపం తాగిన నీరు

జూలైలో అరోరా నుంచి పడమరగా కారులో వెడితే దారికి ఇరువైపులా మొక్కజొన్న చేలే. ఆ రోజుల్లో ఉక్క పోస్తుంటే మనకు బెజవాడ గుర్తొస్తుంది. ఆ ఉక్కలో కొంత ఆ చేల చలవే! ఎకరం మొక్కజొన్న రోజుకు 3,000 నుంచి 4,000 గ్యాలన్ల నీటిని ఆవిరిగా వదులుతుందని లెక్క. దీన్నే మనం బడిలో భాష్పోత్సేకం అని బట్టీ పట్టాం.

చెట్టుకు మన పెద్దలు పెట్టిన పేరు పాదపం, అంటే పాదాలతో తాగేది. కలువతూడుతో నోట నీరు పీల్చినట్లే చెట్లు గాలి సాయంతో వేళ్ళతో తాగుతాయని శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడికి చెబుతాడు. ఉపమానం ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. కాని తాగిన నీరు ఎంత పోతోందో తూచి చూసినవాడు ఇంగ్లండులోని టెడ్డింగ్టన్ చర్చి పాస్టరు స్టీఫెన్ హేల్స్.

1724 వేసవిలో ఆయన కుండీలోని మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను తీసుకున్నాడు. మట్టి తడి ఆరిపోకుండా కుండీ మూతికి సీసపు రేకు బిగించాడు. పదిహేను రోజులపాటు పొద్దునా సాయంత్రమూ తూచాడు. పగటి పన్నెండు గంటల్లో సగటున 20 ఔన్సులు తగ్గేది. రాత్రి తగ్గేది బహు స్వల్పం. మంచు బాగా కురిస్తే బరువు పెరిగేది కూడా. ఓ త్రాసు, బోలెడంత ఓపిక! 1727లో ఈ లెక్కలన్నీ 'వెజిటబుల్ స్టాటిక్స్' గ్రంథంలో అచ్చయ్యాయి.

నీరు పోయే దారులు ముఖ్యంగా ఆకుల మీది పత్రరంధ్రాలు. కాండం బెరడు మీది చిన్న చిన్న పగుళ్ళ గుండా కూడా కొంత పోతుంది. ఇక్కడి బర్చి చెట్ల తెల్లని బెరడు మీద అడ్డగీతల్లా కనిపించేవి అవే. ఆకుల్లో ఆవిరైన నీరు తన వెనక నీటి దారాన్ని పైకి లాగుతుందని డబ్లిన్‌లో డిక్సన్, జోలీ 1894లో చెప్పారు. కాదు, సజీవ కణాల స్పందనే నీటిని ఎక్కిస్తుందని మన జగదీశ్ చంద్ర బోసు 1923లో ఒక గ్రంథమే రాశారు. బోసుగారంటే మనకెంత అభిమానమున్నా, ఈ తగవులో నిలిచింది డబ్లిన్ వారి మాటే.

ఇక మన కరివేపాకు సంగతి. చలికాలం హీటరు గాలి పొడిగా ఉండి ఆకుల తడి లాగేస్తుంది. కిటికీ దగ్గర మట్టి చల్లబడి వేళ్ళు మందగిస్తాయి. రాబడి తగ్గినప్పుడు ఖర్చు తగ్గించుకోవాలి గదా, అందుకే మొక్క ఆకులు రాలుస్తుంది. బయట మేపుల్ చెట్టు చేసేదీ ఇంచుమించు ఇదే. ఇది చూసి కంగారుపడి నీళ్ళ మీద నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. జనవరిలో మోడైన మొక్కను పారేసే ముందు గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే, పైమట్టి ఆరినప్పుడు మాత్రమే కాసిని నీళ్ళు పోస్తూ ఏప్రిల్ దాకా ఆగవచ్చు.