సానుకూల ప్రవర్తనా తోడ్పాటు: ఓరుగల్లు ప్రాంత చరిత్ర

బుద్ధిమాంద్యం, ఆటిజం, మస్తిష్క పక్షవాతం ఉన్నవారిలో కొందరు తమను తాము కొట్టుకుంటారు, చేతులు కొరుక్కుంటారు, చేతికందిన వస్తువు విసిరేస్తారు, తలుపు తీసి ఉంటే చాలు రోడ్డు మీదికి పరుగెత్తుతారు. ఇలాంటి ప్రవర్తనను శిక్షతో అణచకుండా, దాని వెనుక ఉన్న అవసరమేమిటో కనిపెట్టి, ఆ అవసరం తీరే మరో దారి నేర్పి, చుట్టూ ఉన్న పరిస్థితులను సర్ది, ఆ మనిషి రోజువారీ బతుకును మెరుగుపరిచే పద్ధతిని సానుకూల ప్రవర్తనా తోడ్పాటు అంటారు. ఈ పేరు, ఈ రూపం అమెరికాలో 1990 ప్రాంతంలో స్థిరపడ్డాయి. తెలుగు నేలకు దీని మూలసూత్రాలు ఆ తర్వాత పెద్దగా ఆలస్యం కాకుండానే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి నుంచి అందాయి. అక్కడికి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్‌లో మాత్రం ఈ పని బడుల్లో, ఇళ్లలో, ప్రభుత్వ కేంద్రాల్లో ముక్కలు ముక్కలుగా సాగుతూ వచ్చింది.

ఇల్లు, గుడి, ఆసుపత్రి

నిజాం రాజ్యంలో వరంగల్ సుబా కేంద్రంగా ఉన్న రోజుల్లో గానీ, ఆ తర్వాత చాలాకాలం వరకు గానీ, ఇలాంటి పిల్లల బాగోగులు పూర్తిగా ఇంటివాళ్ల బాధ్యతే. దేశంలో తొలినాటి ప్రత్యేక పాఠశాలల్లో ఒకటైన బొంబాయి జై వకీల్ స్కూల్ మొదలైందే 1944లో. ఓరుగల్లు పల్లెల్లో తల్లి పొలానికి పోతే పిల్లవాణ్ని ముసలమ్మ చూసుకునేది. చూసుకునేవాళ్లు లేని ఇంట్లో తలుపుకు గొళ్లెం, కాలికి తాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు, గుడికో దర్గాకో తీసుకెళ్లేవారు. ఇవన్నీ క్రూరత్వం వల్ల జరిగాయనుకోవడం అన్యాయం. బావి పక్కన ఇల్లున్న తల్లికి తాడు కట్టడం బిడ్డ ప్రాణం కాపాడుకునే మార్గంగానే కనిపించింది. వేరే మార్గం ఆమెకు ఎవరూ చూపించలేదు.

చట్టం కూడా చూపించలేదు. దేశంలో దశాబ్దాల పాటు అమల్లో ఉన్న 1912 నాటి లూనసీ చట్టం బుద్ధిమాంద్యం ఉన్నవారినీ మానసిక రోగులనూ ఒకే గాటన కట్టింది. 1987 మానసిక ఆరోగ్య చట్టంతో గానీ ఆ ముడి వీడలేదు. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో వచ్చింది. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అందరి నోటా ఎంజీఎం, చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద దిక్కయింది. మూర్ఛ ఉన్న బిడ్డకు అక్కడి మందు నిజంగా అవసరం. కానీ కొరకడానికి, కొట్టుకోవడానికి మత్తుమందు ఇస్తే బిడ్డ నిద్రపోతాడు, కొరకడానికి కారణమైనది మాత్రం ఎక్కడికీ పోదు.

బోయిన్‌పల్లి మలుపు

1984లో కేంద్ర ప్రభుత్వం బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో జాతీయ బుద్ధిమాంద్య సంస్థను నెలకొల్పింది. బుద్ధిపరమైన వైకల్యం గలవారి సాధికారత సంస్థగా తర్వాతి కాలంలో పేరు మారినా, ఊళ్లలో పాత తల్లిదండ్రులు ఇప్పటికీ దాన్ని పొడి అక్షరాల్లో ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. తెలుగు ప్రాంతంలో ప్రవర్తన తోడ్పాటు చరిత్రకు అసలైన ఆరంభం ఇక్కడే.

ఈ సంస్థలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి 1992లో ఉపాధ్యాయుల కోసం ఒక కరదీపికను, దానితోపాటు భారతీయ పిల్లల కోసం బేసిక్ ఎంఆర్ అనే ప్రవర్తన కొలమానాన్ని వెలువరించారు. విదేశీ పరీక్షలను అరువు తెచ్చుకుని ఫోర్కు, కత్తి, బాత్‌టబ్ గురించి మన పిల్లలను అడగాల్సిన అవస్థ దీంతో తగ్గింది. కొలమానంలో రెండు భాగాలు. మొదటి దానిలో 280 అంశాలు ఏడు విభాగాలుగా ఉంటాయి: కదలికలు, రోజువారీ పనులు, భాష, చదువు-రాత, అంకెలు-సమయం, ఇంటిపని-కలివిడితనం, వృత్తికి ముందు నేర్వాల్సినవి-డబ్బు. రెండో దానిలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు పది గుంపులుగా ఉంటాయి. హింస, మొండి ఏడుపు, ఇతరులతో దురుసుతనం, తనను తాను గాయపరచుకోవడం, చేసిందే చేయడం, వింత చేష్టలు, నిలకడలేనితనం, ఎదురుతిరగడం, సంఘానికి సరిపడని పనులు, భయాలు. అసలు లేకపోతే సున్న, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు మార్కులు.

ఈ రెండు భాగాలను ఒకే పుస్తకంలో పెట్టడమే ఆ కొలమానంలో గొప్ప విషయం. పిల్లవాడికి ఏం రాదో, ఏం చేస్తున్నాడో పక్కపక్కనే చూసిన ఉపాధ్యాయుడికి ఒక సంగతి తట్టక తప్పదు: నీళ్లు కావాలని అడగడం రానివాడు గ్లాసు విసిరేస్తున్నాడు. అప్పుడు నేర్పాల్సింది గ్లాసు విసరకుండా ఉండడం కాదు, నీళ్లు అడగడం.

కరదీపిక నేర్పిన మరో పద్ధతి మూడు గడుల పట్టిక. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, ప్రవర్తన ఎలా ఉంది, ఆ వెంటనే చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు. కొన్నాళ్లు ఇలా రాస్తే ఆ ప్రవర్తన వెనుక ఉన్న ప్రయోజనం బయటపడుతుంది. చూపు తనవైపు తిప్పుకోవడానికా, ఇష్టంలేని పని తప్పించుకోవడానికా, కావలసిన వస్తువు కోసమా, లేక ఆ కదలికలోనే ఏదో హాయి ఉందా అన్నది తేలుతుంది. తల్లిదండ్రుల కోసం పెషావరియా విడిగా ఒక మార్గదర్శిని కూడా రాశారు.

అయితే ఆ కాలపు నీడ ఆ కరదీపిక మీద పడింది. అందులో మెచ్చుకోలు, ముందస్తు పరిస్థితుల మార్పు, భయాన్ని మెల్లమెల్లగా పోగొట్టడం ఉన్నాయి. వాటి పక్కనే గదిలో విడిగా కూర్చోబెట్టడం, చేతులు పట్టి ఉంచడం, ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకోవడం, పాడుచేసినదానికి మించి బాగుచేయించడం కూడా ఉన్నాయి. సానుకూల ప్రవర్తనా తోడ్పాటు అమెరికాలో పుట్టింది సరిగ్గా ఈ రెండో జాబితా లాంటి పద్ధతుల మీద వచ్చిన అభ్యంతరాల నుంచే.

బయటి ప్రపంచంలో

1982లో బాల్టిమోర్‌లో బ్రియాన్ ఇవాటా బృందం, తమను తాము గాయపరచుకునే పిల్లలను వేర్వేరు పరిస్థితుల్లో పరిశీలించి, ఒకే చేష్టకు ఒక్కొక్కరిలో ఒక్కో కారణం ఉంటుందని చూపింది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ ఇంకో అడుగు వేశారు. పాఠం కష్టమైనప్పుడు గొడవచేసే పిల్లలకు, అర్థం కాలేదని చెప్పడం నేర్పారు. తమను ఎవరూ పట్టించుకోనప్పుడు గొడవచేసే పిల్లలకు, తమ పని ఎలా ఉందని అడగడం నేర్పారు. గొడవ తగ్గింది. 1990లో రాబర్ట్ హార్నర్, ఆయన సహచరులు నొప్పి, అవమానం లేని తోడ్పాటు కోసం రాసిన వ్యాసం ఈ రంగానికి మూలపత్రం లాంటిది. 1997లో అమెరికా విద్యాచట్టంలోకి, 2015లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లోకి ఈ దృష్టి చేరింది.

వరంగల్‌లో

భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చాక ప్రత్యేక ఉపాధ్యాయులకు గుర్తింపు పొందిన శిక్షణ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యాయి. ప్రవర్తన నిర్వహణ ఆ శిక్షణలో భాగం. కాబట్టి బోయిన్‌పల్లి పద్ధతి ఓరుగల్లుకు వచ్చింది ప్రధానంగా ఈ ఉపాధ్యాయుల సంచుల్లోనే. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం హన్మకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం వంటి స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తున్నాయి. సర్వశిక్షా అభియాన్ కింద మండలాల్లో వెలసిన భవిత కేంద్రాలు రెండో దారి తెరిచాయి. మంచం దిగలేని పిల్లల ఇంటికే వెళ్లి చదువు చెప్పే ఏర్పాటు కూడా వాటి ద్వారానే నడిచింది. ఈ ఉపాధ్యాయులు ఇంటి గడపలోపలికి వెళ్లగలరు. నానమ్మ ఏం పెడుతున్నదో, అన్న ఎలా ఏడిపిస్తున్నాడో, టీవీ ఎంత గట్టిగా మోగుతున్నదో చూడగలరు. ప్రవర్తన పట్టికకు అంతకంటే మంచి ఆధారం ఏ ఆసుపత్రి గదిలోనూ దొరకదు. అలాంటి పనివాళ్లను ఒప్పంద ఉద్యోగులుగానే ఉంచడం ఈ చరిత్రలో పెద్ద లోటు. ఒక బిడ్డ తీరు తెలుసుకోవడానికే నెలలు పడుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, ఎదుగుదల ఆలస్యమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతుంది. మరోవైపు సదరం క్యాంపులు వైకల్య శాతాన్ని లెక్కకట్టాయి. 2001 మార్గదర్శకాల ప్రకారం ఆ శాతం తెలివితేటల సూచిక మీద ఆధారపడేది: స్వల్పమైతే 50, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతితీవ్రమైతే 100. రాత్రంతా ప్రశాంతంగా పడుకునే బిడ్డకూ, తల గోడకు కొట్టుకునే బిడ్డకూ సూచిక ఒకటే అయితే కాగితం మీద శాతమూ ఒకటే. తెలంగాణలో వైకల్యం ఉన్నవారికిచ్చే ఆసరా పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆ డబ్బు ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ బిడ్డ చేయి ఎందుకు కొరుక్కుంటున్నాడో చెప్పే మనిషి ఆ డబ్బుతో దొరకడు.

పని తీరు: ఒక ఉదాహరణ

పర్వతగిరి వైపో పరకాల వైపో ఒక ప్రభుత్వ బడి అనుకుందాం. మాటలు రాని పదేళ్ల బాలుడు మధ్యాహ్న భోజనం వేళ చేయి కొరుక్కుంటున్నాడు. ఆకలికి ఆగలేడు అని అందరి తీర్మానం. ముందుగా చూడాల్సింది ఒంటి నొప్పి: పిప్పి పన్ను, చెవిపోటు, మలబద్ధకం, మూర్ఛ. మాట రాని పిల్లలకు నొప్పి చెప్పుకునే దారి ఇదే కావచ్చు. అవేవీ లేవని తేలాక పట్టిక రాయడం మొదలవుతుంది. గంట మోగినప్పుడు బాలుడు బాగానే ఉన్నాడు. పిల్లలంతా పళ్లాలతో తోసుకుంటూ వరుస కట్టినప్పుడు కొరకడం మొదలైంది. కొరికిన ప్రతిసారీ ఆయమ్మ అతణ్ని పక్క గదికి తీసుకుపోయి అక్కడే అన్నం పెడుతున్నది. అంటే కొరకడం వల్ల అతనికి గోల తప్పుతున్నది.

ఇక్కడ చేయాల్సినవి చిన్న పనులే. గంటకు ఐదు నిమిషాలు ముందే అతనికి పళ్లెం ఇవ్వాలి. పక్క గది బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి, గోల భరించలేనప్పుడు దాన్ని చూపించడం నేర్పాలి. చూపించిన వెంటనే, ఒక్కసారి కూడా తప్పకుండా, గదికి తీసుకెళ్లాలి. కార్డు పనిచేస్తుందని నమ్మకం కుదిరాక ఇద్దరు స్నేహితుల పక్కన, తర్వాత నలుగురి పక్కన కూర్చోబెట్టాలి. ఇదే కార్డు ఇంట్లో అమ్మ దగ్గర, తమ్ముడి దగ్గర కూడా ఉండాలి. పెళ్లి బరాత్‌లో డీజే, సద్దుల బతుకమ్మ నాటి మైకు, మేడారం జాతర తొవ్వలో బస్సు రద్దీ అతనికి భోజనాల వరుస లాంటివే.

ఇందులో మారింది బాలుడికంటే ఎక్కువగా బడి. దీన్ని ఒప్పుకోవడం పెద్దలకు కష్టంగా ఉంటుంది. గారాబం చేస్తున్నారనే మాట వినబడుతుంది. కానీ దెబ్బ వేస్తే కొరకడం ఆ పూటకు ఆగుతుంది, గోల అలాగే ఉంటుంది కాబట్టి మరో రూపంలో తిరిగొస్తుంది.

చట్టం ఎంతవరకు వచ్చింది

1995 వైకల్య చట్టం బుద్ధిమాంద్యాన్ని గుర్తించింది, ఆటిజాన్ని వదిలేసింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని చేర్చుకుంది. 2007లో భారత్ ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, క్రూరమైన, అమానుషమైన వ్యవహారం నుంచి రక్షణను హక్కు చేసింది. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగులకే వర్తిస్తుంది. దానికి చాలా ముందే, 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయిన విషాదం దేశాన్ని ఈ విషయంలో కదిలించింది.

ఇన్ని చట్టాలున్నా, ఒక సంస్థలో బిడ్డను గదిలో పెట్టి తాళం వేస్తే, చేతులు కట్టేస్తే, మత్తుమందు ఇస్తే ఆ విషయం ఎక్కడో నమోదు కావాలన్న నియమం మన దగ్గర విడిగా లేదు. ఆస్ట్రేలియాలో 2018 నుంచి జాతీయ వైకల్య బీమా పథకం కింద సేవలందించే సంస్థలు ఇలాంటి ప్రతి నిర్బంధాన్నీ కమిషన్‌కు తెలపాలి, దాన్ని తగ్గించే ప్రవర్తన ప్రణాళిక చూపాలి. లెక్క రాయకుండా తగ్గించడం ఎవరి వల్లా కాదు కాబట్టి, తెలంగాణకు తక్షణం కావాల్సిన నియమం ఇది.

విమర్శలు, పెద్దవాళ్ల సంగతి

ఆటిజం ఉన్న పెద్దలు ప్రపంచమంతటా ఒక బలమైన అభ్యంతరం చెబుతున్నారు. ఎవరికీ హాని చేయని చేతి ఊపును, ముందుకూ వెనక్కూ ఊగడాన్ని ఎందుకు మాన్పించాలి? బహుమతి ఆశ చూపి చెప్పినట్టు వినేలా చేయడం కూడా బలవంతమే కదా? ఈ ప్రశ్నలు బేసిక్ ఎంఆర్‌లోని ‘చేసిందే చేయడం’, ‘వింత చేష్టలు’ అనే గుంపులకు నేరుగా తగులుతాయి. ఒక చేష్ట ఆ మనిషికి గానీ పక్కవారికి గానీ హాని చేస్తేనే, చదువుకూ స్నేహానికీ అడ్డమైతేనే దాని జోలికి వెళ్లాలి. మిగతా వాటికి అలవాటు పడాల్సింది చూసేవాళ్లే.

పెద్దవాళ్ల కోసం బోయిన్‌పల్లి సంస్థ 2000లో బేసల్ ఎంఆర్ అనే వేరే కొలమానాన్ని తెచ్చింది. వయసొచ్చిన వ్యక్తి బలంగా ఉంటాడు, తల్లి ముసలిదవుతుంది, బడి అయిపోతుంది, భవిత కేంద్రం వయసు దాటిపోతుంది. 18 ఏళ్లు నిండినవారికి చట్టపరమైన సంరక్షకుణ్ని నియమించే స్థానిక కమిటీలు నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన నడుస్తాయి. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ఐదుగా విడిపోవడంతో, 2019లో ములుగు విడిగా ఏర్పడడంతో ఈ పని కొన్ని కుటుంబాలకు దగ్గరైంది. అదే ట్రస్టు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులతోపాటు థెరపీకీ కొంత ఇస్తుంది. సంరక్షకత్వ దరఖాస్తుతో పాటే ఆ వ్యక్తికి ఏది భయం, ఏది ఇష్టం, కోపం వచ్చే ముందు ముఖంలో ఏ గుర్తు కనబడుతుంది, ఏ మాటకు శాంతిస్తాడు అన్న రాతప్రణాళికను కూడా కమిటీ అడిగి తీసుకుని, ఏటా సరిచూడాలి. ప్రస్తుతం దరఖాస్తులో దానికి చోటు లేదు. తల్లి పోయిన తర్వాత ఆ బాధ్యత ఎత్తుకునే మేనమామకో వదినకో ఆ వివరాలు చెప్పేవాళ్లు ఉండరు.